చిత్తూరు ఇంట్లో కోదండం: అది 1953 నాటిదేనా?

ప్రశ్న: సార్, మాది చిత్తూరు. హైస్కూల్లో టీచర్‌గా పనిచేస్తున్నాను. మా పెదనాన్న 1967లో పైచదువుకి అమెరికాలోని మిషిగన్ వెళ్ళి 1971లో తిరిగొచ్చారు. వస్తూ ఒక విల్లు, రెండు బాణాలు తెచ్చుకున్నారు. ఆయన పోయాక అది అటక మీదే ఉంటోంది. దసరాకి దించి ఆయుధపూజలో పెట్టి బొట్లు పెడతాం. ఇంట్లో అందరం దాన్ని కోదండం అంటాం. దాని మీద ఇంగ్లీషులో బేర్ ఆర్చరీ, గ్రిజ్లీ, గ్రేలింగ్ మిషిగన్, కెనడా 1953 అని ఉంది. ఇంకోచోట 45 అంకె, పక్కన హాష్ గుర్తు ఉన్నాయి. పాత సామాన్లు కొనే అతను మూడు వేలిస్తానన్నాడు. ఫోన్లో పరిచయమైన ఇంకొకాయన ఇది 1953 నాటి యాంటిక్ అని, అమెరికాలో రెండు లక్షలకి అమ్మిపెడతానని, సర్టిఫికెట్ కోసం ముందు పదిహేను వేలు పంపమని అంటున్నాడు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ మధ్య ఆర్చరీ మీద మనసు పడింది, పెదతాత విల్లుతోనే నేర్చుకుంటానని పట్టుబడుతోంది. ఫోటోలు పంపుతున్నాను. ఇది నిజంగా ఏ సంవత్సరానిది? ఎంత చేస్తుంది? అమ్మమంటారా, ఉంచుకోమంటారా?

సమాధానం: మాస్టారూ, మిగతాది తర్వాత చదువుదురు గానీ, ముందు ఆ విల్లు తాడు విప్పించండి. మీ మొదటి ఫోటో చూడగానే గుండె ఝల్లుమంది. తాడు తిరగేసి కట్టారు. పూజలో పెట్టినప్పుడు విల్లులా కనబడాలని ఎవరో వంచి బిగించినట్టున్నారు. మీది రికర్వ్ అనే రకం. ఇలాంటి విల్లుకి తాడు లేనప్పుడు కొసలు రెండూ ముందుకి, అంటే బాణం వెళ్ళే వైపుకి, తిరిగి ఉంటాయి. అది చూసి చాలామంది ఆ వంపు ఎటుంటే అటే ఇంకాస్త వంచి తాడు కట్టేస్తారు. కట్టాల్సింది దానికి ఎదురుగా. సరిగ్గా కట్టినప్పుడు రెండు కొసల దగ్గరా తాడు కొంతమేర విల్లుని ఆనుకుని ఉంటుంది, కొసలు మళ్ళీ ముందుకి లేస్తాయి. క్యాలెండర్లలో రాముడి విల్లు చూడండి, చాలా బొమ్మల్లో కొసలు అలాగే తిరిగి ఉంటాయి. మీ ఫోటోలో విల్లు పగిలిన చేతిగాజు ముక్కలా ఒకే వంపుతో ఉంది.

విప్పేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు విల్లుని రెండు చేతులా పట్టుకుని మెల్లగా ఇంకొంచెం వంచితే, రెండోవారు ఒక కొప్పు నుంచి, అంటే కొసన తాడు తగిలించే గాడి నుంచి, తాడు ఉచ్చు జార్చాలి. మొహాలు కొసలకి దూరంగా ఉంచండి. పాత తాడే కదా అని కత్తెర మాత్రం పెట్టొద్దు. బిగుతుగా ఉన్న తాడు ఒక్కసారిగా తెగితే ఆ దెబ్బంతా విల్లే తినాలి. పగిలిన ముక్క కంటికి తగిలినా తగలొచ్చు.

విప్పారా? ఇప్పుడు సంవత్సరం సంగతి చూద్దాం.

కెనడా 1953 అన్నది విల్లు తయారైన సంవత్సరం కాదు. అది కెనడాలో బేర్ ఆర్చరీ కంపెనీకి వచ్చిన పేటెంటు సంవత్సరం. దాని పక్కనే చిన్న అక్షరాల్లో పొడుగాటి అంకెలు కనిపిస్తున్నాయి చూడండి, అవి అమెరికా పేటెంటు నంబర్లు. 1953 తర్వాత చాలా ఏళ్ళపాటు చేసిన విల్లుల మీద కూడా ఇదే ముద్ర వేస్తూ వచ్చారు. మన ఇంట్లో కుక్కర్ మీద ఐఎస్ నంబర్ పక్కన ఒక సంవత్సరం ఉంటుంది. అది ఆ ప్రమాణం రాసిన ఏడాది గానీ మన కుక్కర్ పుట్టిన ఏడాది కాదు. ఇదీ అంతే. పాత బేర్ విల్లు చేతికొచ్చిన ప్రతివారూ మొదట పడే పొరపాటు ఇదే. తెలిసి కూడా 1953 అని చెప్పి అమ్మేవాళ్ళున్నారు.

అసలు వయసు చెప్పేవి వేరే ఉన్నాయి. మీ రెండో ఫోటోలో, పిడికి పైన చెక్కలో రూపాయి బిళ్ళలా ఒక గుండ్రటి బిళ్ళ, దాని మీద ఎలుగుబంటి బొమ్మ ఉన్నాయి. ఈ బిళ్ళ పెట్టడం 1959లో మొదలైంది. అంటే నిజంగా 1953లో చేసిన విల్లు మీద ఈ బిళ్ళ ఉండే వీల్లేదు. ఆ ఒక్క బిళ్ళతోనే ఫోన్ పెద్దమనిషి మాట వీగిపోయింది. మొదట్లో రాగి బిళ్ళ, తర్వాత రెండు మూడేళ్ళు తెల్లటి అల్యూమినియం, 1963 ప్రాంతం నుంచి 1970 దాకా ఇత్తడి, ఆ తర్వాత ఓ రెండేళ్ళు వెండి రంగులో నికెల్. ఇవన్నీ చెక్కతో సమానంగా, వేలు పెట్టి రాస్తే అంచు తగలకుండా కూర్చుంటాయి. 1973 నుంచి వచ్చినవి పైకి ఉబ్బి ఉంటాయి. మీది చెక్కతో సమానంగా ఉన్న ఇత్తడి బిళ్ళ. ఫ్యాక్టరీలో మిగిలిపోయిన పాత బిళ్ళలు కొత్త విల్లులకి వాడటం కూడా ఉండేది కాబట్టి ఒక ఏడాది అటూ ఇటూ అనుకోవాలి.

ఆ బిళ్ళని దయచేసి తోమకండి. మన ఇళ్ళల్లో ఇత్తడి నల్లబడిందంటే చేయి చింతపండు మీదికి పోతుంది. పులుపు చెక్కలోకి దిగితే బిళ్ళ చుట్టూ వార్నిష్ లేచిపోతుంది. పైగా ఆ నలుపు చూసే కొనేవాళ్ళు అది అసలుదని నమ్ముతారు.

మూడో ఫోటోలో చేత్తో రాసినట్టున్న నంబరుంది, 8తో మొదలవుతోంది. 1965 నుంచి 1969 వరకు ఈ కంపెనీ సీరియల్ నంబర్లో మొదటి అంకె ఆ సంవత్సరం చివరి అంకె. 8 అంటే 1968. ఇత్తడి బిళ్ళ ఆ మాటకి సాక్ష్యం. గ్రేలింగ్ అన్న ఊరి పేరు కూడా సరిపోతుంది. ఫ్రెడ్ బేర్ తన కంపెనీని 1947లో గ్రేలింగ్‌కి తెచ్చాడు, 1978లో అక్కణ్ణించి ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కి తరలించారు. గెయిన్స్‌విల్ పేరున్న విల్లు ఎంత పాతగా కనబడ్డా ఆ తర్వాతిదే. ఇక మీ పెదనాన్నగారు అదే రాష్ట్రంలో 1967 నుంచి 1971 దాకా ఉన్నారు. నాలుగు సాక్ష్యాలూ ఒకే మాట చెబుతున్నాయి. మీ విల్లు 1968 నాటిది. ఆయన అక్కడ చదువుకుంటున్న రోజుల్లో కొత్తగా కొన్నదే అయ్యుండాలి. నాకైతే 1953 అని వినడం కంటే ఇదే ఎక్కువ బాగుంది.

45 పక్కనున్న హాష్ గుర్తు అమెరికా వాళ్ళ లెక్కలో పౌండ్లు. తాడుని 28 అంగుళాలు లాగితే 45 పౌండ్ల బలం, అంటే దాదాపు 20 కిలోలు. కొన్ని బేర్ విల్లుల మీద 45 తర్వాత ఎక్స్ అక్షరం ఉంటుంది. అలా ఉంటే 45 కంటే ఓ రెండు మూడు పౌండ్లు ఎక్కువని అర్థం. ఏఎంఓ 58 అని ఉన్నది పొడవు గుర్తు. ఏఎంఓ అంటే ఆర్చరీ మాన్యుఫాక్చరర్స్ ఆర్గనైజేషన్, విల్లుల కంపెనీల సంఘం. వాళ్ళ లెక్కలో విల్లు పొడవులోంచి మూడు అంగుళాలు తీసేస్తే తాడు పొడవు. మీకు 55 అంగుళాల తాడు కావాలి.

ధర చెప్పే ముందు దాని ఆరోగ్యం చూడాలి. పాత విల్లుకి వయసు కంటే ఒళ్ళు ముఖ్యం. ఇది మీరు ఇంట్లోనే చూడొచ్చు. ఉదయం ఎండ పడే గుమ్మం దగ్గర కూర్చోండి. ముందు గోరువెచ్చని నీళ్ళలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి నూలు గుడ్డతో కుంకుమ, గంధం తుడవండి. రుద్దకండి, అద్ది తీయండి. మీ ఫోటోలో పై కొస దగ్గర కుంకుమ ఒక గీతలా లోపలికి దిగినట్టుంది. ఆ ఎరుపు తుడిచినా పోకపోతే అక్కడ సన్నటి పగులుందన్నమాట, రంగు అందులోకి పోయింది. ఇన్నేళ్ళ బొట్లు మీకు చేసిన మేలు అదొక్కటి, పగులు ఎక్కడుందో చూపిస్తున్నాయి.

తర్వాత కాస్త దూది తీసుకుని విల్లు అంచుల వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా రాయండి. ఈ విల్లు ఒక్క చెక్క కాదు. మధ్యలో మేపుల్ చెక్క పలకలు, ముందూ వెనకా ఫైబర్‌గ్లాస్ పొర, అన్నీ జిగురుతో అతికినవి. పొర ఎక్కడైనా లేస్తే దూది పోగులు అక్కడ చిక్కుకుంటాయి. చిక్కిన చోట పెన్సిల్‌తో కాగితం మీద బొమ్మ గీసి గుర్తు పెట్టుకోండి, విల్లు మీద గీయొద్దు. పొడవునా వెళ్ళే సన్నటి వెంట్రుక గీతలు ఈ కాలం విల్లుల్లో మామూలే, అవి చాలావరకు పైపైనే ఉంటాయి. అడ్డంగా వెళ్ళిన గీత ఒక్కటున్నా ఆ విల్లుని ఇక లాగకూడదు. అది గోడకి అలంకారమే.

ఇక మెలి. విల్లుని మూలకి నిలబెట్టి ఏళ్ళ తరబడి ఉంచినా, తాడు కట్టే వదిలేసినా, రెక్కలు, అంటే పిడికి అటూ ఇటూ వంగే భాగాలు, పక్కకి తిరుగుతాయి. తిరగేసి కట్టిన విల్లుకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. సరైన తాడు సరైన వైపు కట్టాక ఒక కొస మీంచి కన్ను పెట్టి చూస్తే తాడు రెండు రెక్కల నడిమధ్యగా పోవాలి. పక్కకి జరిగితే మెలి ఉన్నట్టు. కొద్దిపాటి మెలిని అనుభవమున్నవాళ్ళు సరిచేయగలరు. ఈ పరీక్ష మీరు ఒక్కరే చేయకండి. బో స్ట్రింగర్ అనే తాడు పరికరం ఉంటుంది, దాంతోనే కట్టాలి. తిరుపతిలో ఆర్చరీ నేర్పే ఏ కోచ్ దగ్గరైనా ఉంటుంది. తాడు డాక్రాన్ అనే కాస్త సాగే దారందే అడగండి. ఇప్పటి గట్టి తాళ్ళు సాగవు కాబట్టి ఆ కాలం విల్లు కొసల్ని కోసేస్తాయి. ఇంకోమాట, ఇంటికి వచ్చిన చుట్టాలు, పిల్లలు ముచ్చటపడి బాణం లేకుండా తాడు లాగి వదులుతారు. డ్రై ఫైర్ అంటారు దాన్ని. బాణం మోసుకుపోవాల్సిన బలమంతా విల్లులోకే తిరిగొస్తుంది. యాభై ఏళ్ళ జిగురు ఆ దెబ్బకి ఒక్కసారే విడిపోవచ్చు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ళ కిందట మదనపల్లెలో ఒకరింట్లో నాకు ఓ పాత విల్లు దొరికింది. వార్నిష్ అక్కడక్కడ పొట్టులా లేచింది. ఉప్పుకాగితం తెచ్చి రెండు రోజులు కూర్చుని నున్నగా రుద్ది కొత్త వార్నిష్ కొట్టాను. అద్దంలా మెరిసింది. ఆ మెరుపుతో పాటే కంపెనీ పేరు, బరువు, సీరియల్ నంబర్ అన్నీ పోయాయి. అది ఏ సంవత్సరానిదో ఇక ఎప్పటికీ తెలియదు. ఇప్పటికీ దాన్ని చూస్తే బాధేస్తుంది. అందుకే ఇంతగా చెబుతున్నాను, మీ విల్లుకి మెరుగు పెట్టించకండి. వడ్రంగి ఎంత మంచివాడైనా ఇవ్వకండి.

ధరకొస్తే, గ్రిజ్లీ అపురూపమైన మోడల్ కాదు. వేట కోసం చేసిన నమ్మకమైన విల్లు, ఎక్కువ సంఖ్యలో చేశారు, ఇప్పటికీ అమెరికాలో తేలిగ్గానే దొరుకుతుంది. పగుళ్ళు, మెలి లేకుండా అక్షరాలన్నీ చదివేలా ఉంటే అక్కడ సుమారు 100 నుంచి 200 డాలర్లు పలుకుతుంది, మన లెక్కలో ఎనిమిది తొమ్మిది వేల నుంచి పదిహేడు వేల దాకా. పొర లేచినా, అడ్డపగులున్నా, సైట్ (గురి చూసే పరికరం) బిగించడానికి ఎవరైనా చెక్కకి రంధ్రాలు పెట్టినా అందులో పావు వంతు రావడం కూడా కష్టం. అదే కంపెనీవి రాగి బిళ్ళున్న 1959 కోడియాక్, 1970 ప్రాంతంలో గ్రేలింగ్‌లో చేసిన ముక్కలుగా విడదీసే టేక్‌డౌన్ విల్లు అయితే లెక్క వేరు, వాటికి ఎన్నో రెట్లు పెడతారు. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు అమ్మేవాళ్ళు అడుగుతున్న ధర చూడకండి, అమ్ముడుపోయిన ధరలు విడిగా చూపిస్తారు, అవే చూడండి. అడగడానికి ఎంతైనా అడుగుతారు.

చిత్తూరు నుంచి అమ్మడంలో ఇంకో చిక్కుంది. ఇది మధ్యలో విడదీయడానికి రాని విల్లు. దాదాపు ఐదడుగుల పార్సిల్ అమెరికాకి పంపాలంటే వచ్చే డబ్బులో చాలా భాగం, ఒక్కోసారి అంతా, రవాణాకే పోతుంది. ఇక్కడ కొనే సేకర్తలు తక్కువ. కాబట్టి పాత సామాన్ల వ్యాపారి మూడు వేలు అన్నాడంటే అతను మోసం చేస్తున్నాడని నేననను. తనకి తెలిసిన లెక్క తను చెప్పాడు. ఆ ఫోన్ ఆయన సంగతి వేరు. పదిహేను వేలు పంపకండి, ఆ నంబర్‌కి మళ్ళీ మాట్లాడకండి. 1968 నాటి గ్రిజ్లీకి రెండు లక్షలు ఎవరూ ఇవ్వరు. దాన్ని యాంటిక్ అని సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసంటూ ఏదీ లేదు. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటితేనే పురావస్తువు, మీది ఆ లెక్కలోకే రాదు. నిజంగా వందేళ్ళు దాటిన వస్తువైతే దాన్ని దేశం దాటించి అమ్మడమే నేరం. ఆయన చెప్పిన యాంటిక్ మాట ఎటు చూసినా నిలబడదు.

ఈ జవాబు చదివే మిగతావాళ్ళ కోసం ఇక్కడో మాట. కార్వేటినగరం, పుంగనూరు లాంటి పాత జమీందారీలున్న ప్రాంతం మనది. ఎవరింట్లోనైనా లక్క పూసి రంగులతో పూలు గీసిన, తాడు లేకుండా ముడుచుకుపోయిన విల్లు ఉంటే అది వేరే జాతి. లాగేవాళ్ళ వైపు గేదె కొమ్ము, బాణం వెళ్ళే వైపు పశువుల నరాలు, మధ్యలో చెక్క పెట్టి జంతువుల జిగురుతో అతికిన విల్లు. దాన్ని సాగదీసి తాడు కట్టే ప్రయత్నం అస్సలు చేయొద్దు. మ్యూజియం వాళ్ళకి, పురావస్తు శాఖ వాళ్ళకి చూపించాకే ఇంకేమైనా. అలాగే ఇంగ్లండ్‌లో అపోలో పేరుతో ఉక్కు గొట్టంతో చేసిన పాత విల్లులుంటాయి. గొట్టం లోపల తుప్పు పడితే పైకి తెలియదు, లాగినప్పుడు చెప్పాపెట్టకుండా విరుగుతాయి. అవి చూడ్డానికే.

మీ అమ్మాయి సంగతి ఆఖర్న రాస్తున్నాను గానీ నాకు ఎక్కువ టెన్షన్ దాని గురించే. ఈ విల్లుతో నేర్చుకోనివ్వకండి. ఒలింపిక్స్‌కి వెళ్ళే మగవాళ్ళు లాగేది దాదాపు 45 నుంచి 50 పౌండ్లు. తొమ్మిదో తరగతి పిల్ల మొదటిరోజు అదే బరువు లాగితే భుజం పట్టేస్తుంది, దానికంటే ముందు తప్పుడు పద్ధతి అలవాటవుతుంది. మొదట్లో పిల్లలకి 18, 20 పౌండ్ల విల్లు చాలు. అది అకాడమీలోనే ఇస్తారు, కొననక్కర్లేదు. విజయవాడ అబ్బాయి బొమ్మదేవర ధీరజ్ పారిస్ ఒలింపిక్స్‌లో రికర్వ్ ఆడాడు కదా, మిక్స్‌డ్ టీమ్‌లో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా వెళ్ళాడు. ఆ ఆట వీడియోలు చూపించండి. వెన్నం జ్యోతి సురేఖ వాడేది కాంపౌండ్, చివర్లలో చక్రాలుంటాయి. రెండింటికీ తేడా ఏంటో పెదతాత విల్లు పక్కన పెట్టుకుని చూస్తే అమ్మాయికి ఇట్టే తెలుస్తుంది.

బాణాలు రెండూ వేటవి. ములుకులకి బ్లేడుల్లాంటి అంచులున్నాయి, ఇంత కాలమైనా వేలు తెగుతుంది. మందపాటి అట్టలో చుట్టి పైన అందనిచోట పెట్టండి. శేషాచలం అడవి దగ్గరుంది కదా అని కుర్రాళ్ళెవరైనా సరదాకి అడిగినా ఇవ్వకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం, విల్లుతో చేసినా అదే నేరం.

అమ్మమంటారా అని అడిగారు. డబ్బు అవసరం నెత్తి మీద లేకపోతే అమ్మకండి. వచ్చేది నాలుగైదు వేలు. పోయేది మీ పెదనాన్న కుర్రతనంలో చేత్తో పట్టుకున్న వస్తువు. మీ పెద్దమ్మగారు ఉన్నారా? ఉంటే దగ్గర కూర్చుని అడగండి. అప్పటి ఫోటో ఏదైనా, రసీదు, ఉత్తరం ఏదైనా పెట్టెలో ఉండొచ్చు. ఆయన చేతిలో ఈ విల్లున్న ఫోటో ఒక్కటి దొరికితే సేకరించేవాళ్ళ కళ్ళల్లో కూడా దాని విలువ పెరుగుతుంది. ఆవిడ చెప్పింది, బిళ్ళ, నంబర్, కొలతలు అన్నీ ఒక కాగితం మీద రాసి విల్లుతో పాటు ఉంచండి.

అటక మీదికి మాత్రం మళ్ళీ ఎక్కించకండి. మన ఎండాకాలంలో రేకుల కింద, అటకల మీద వేడికి జిగురు మెత్తబడుతుంది. కారు డిక్కీ కూడా వద్దు. తాడు విప్పేసి, హాల్లో ఎండ పడని గోడకి అడుగున్నర దూరంలో రెండు చెక్క మేకులు కొట్టి, వాటికి గుడ్డ చుట్టి, విల్లుని అడ్డంగా వాటి మీద పెట్టండి. కొస మీద నిలబెట్టొద్దు, తాడుతో వేలాడదీయొద్దు. ఈ దసరాకి దించి పీట మీద తాడు లేకుండానే పెట్టండి. బొట్టు విల్లుకి కాకుండా పీటకి పెట్టండి.